కట్టేదీ వేడే, విప్పేదీ వేడే

మిథైల్ మెథాక్రిలేట్ నీళ్లలా పలచగా, రంగు లేకుండా ఉండే ద్రవం. సీసా మూత తీయగానే ఘాటు వాసన కొడుతుంది. 100 డిగ్రీల సెల్సియస్ దాటుతూనే మరిగి ఆవిరైపోతుంది. దాని అణువులు వేల సంఖ్యలో ఒకదాని వెంట ఒకటి ముడిపడితే గాజులాంటి గట్టి పదార్థం తయారవుతుంది. జనం దాన్ని ఆక్రిలిక్ అంటారు. పెర్‌స్పెక్స్, ప్లెక్సిగ్లాస్ అన్న వ్యాపార నామాలూ దానివే. ఈ పలకను గాలి తగలనీయకుండా 400 డిగ్రీల దాకా కాలిస్తే ముడులన్నీ ఊడతాయి. మొదట ఏ ద్రవంతో పని మొదలైందో అదే ద్రవం ఆవిరై లేచి, చల్లటి గొట్టంలో బొట్లుబొట్లుగా దిగుతుంది. ముడి వేయడానికి వేడి కావలసి వచ్చింది. ముడి విప్పడానికీ వేడే సరిపోయింది.

ఒక వస్తువును పుట్టించిన కారణమే దాన్ని చంపగలదా? ఈ ప్రశ్న రసాయనశాస్త్రం కంటే చాలా పాతది. క్రీ.శ. 4-5 శతాబ్దాల నాటి బౌద్ధ పండితుడు వసుబంధుడు అభిధర్మకోశ భాష్యంలో దీన్ని ఎత్తుకుని, కుదరదని తేల్చాడు. హేతువే వినాశకం కావడం అసంబద్ధమని ఆయన పక్షం. ఆ అసంబద్ధతను మెట్టుగా చేసుకుని, వస్తువుల నాశనానికి బయటి కారణమే అక్కర్లేదన్న చోటికి వెళ్లాడు. న్యాయ, వైశేషిక దర్శనాల వాళ్లు ఒప్పుకోలేదు. వందల ఏళ్లు సాగిన ఆ వాదం నిప్పు, కట్టె, దీపం, కుమ్మరి కుండ చుట్టూనే తిరిగింది. ఇలా చిన్న అణువులు గొలుసుగా ముడిపడిన పాలిమర్ ఆ వాదుల్లో ఎవరికీ తెలియని వస్తువు. వేడికి అది నడుచుకునే తీరు చూస్తే రెండు పక్షాలకూ కొంత బలం, కొంత చిక్కు కనిపిస్తాయి.

ముందు ముడి ఎలా పడుతుందో చూడాలి. తెలుగునాట 'రాడికల్' అనగానే 1970లలో పుట్టిన రాడికల్ విద్యార్థి సంఘం గుర్తుకు రావడం సహజం. రసాయనశాస్త్రంలో ఆ మాటకు అర్థం వేరు: జత లేని ఎలక్ట్రాన్ ఒకటి ఉన్న అణువు లేదా అణుభాగం. తెలుగు పాఠ్యపుస్తకాలు దాన్ని 'స్వేచ్ఛా ప్రాతిపదిక' అంటాయి. ఎలక్ట్రాన్‌కు జత దొరికేదాకా దానికి నిలకడ లేదు. ఎదురైన మోనోమర్‌లోని, అంటే ఇంకా ముడిపడని చిన్న అణువులోని, జంట బంధాన్ని తెంపి దానితో కలుస్తుంది. కలిసిన చోట జత కుదురుతుంది కానీ, కొత్తగా వచ్చి చేరిన అణువు కొసన మరో ఒంటరి ఎలక్ట్రాన్ తేలుతుంది. అది ఇంకో మోనోమర్‌ను పట్టుకుంటుంది. ఆకలి తీరదు, కొసకు జరుగుతూ పోతుంది, అంతే. ఇలా క్షణాల్లో వందలు, వేల మోనోమర్లు ఒక గొలుసవుతాయి. చివరికి రెండు గొలుసుల కొసలు ఎదురుపడినప్పుడు ఆట ముగుస్తుంది. ఆ రెండూ తలకు తల తగిలించి అతుక్కోవచ్చు. లేదా ఒకటి రెండోదాని నుంచి హైడ్రోజన్ పరమాణువును లాక్కోవచ్చు. లాక్కున్న గొలుసు కొస మూసుకుపోతుంది, పోగొట్టుకున్న గొలుసు కొసన జంట బంధం మిగులుతుంది. ఈ ముగింపు విధానాలు చిన్న విషయంలా కనిపిస్తాయి. గొలుసు చావు ఎక్కడ మొదలవుతుందో నిర్ణయించేది మాత్రం ఇవే.

ఈ పని కళ్లెదుట జరిగే చోటు కట్టుడు పళ్లు తయారుచేసే ల్యాబ్. అక్కడ రెండు సీసాలుంటాయి. ఒకదానిలో గులాబీ రంగు పొడి. అది ముందే తయారైన ఆక్రిలిక్ పూసలు, అందులో కొద్దిగా బెంజాయిల్ పెరాక్సైడ్. రెండోదానిలో మిథైల్ మెథాక్రిలేట్ ద్రవం. అది సీసాలోనే గడ్డకట్టకుండా చిటికెడు హైడ్రోక్వినోన్ కలిపి ఉంచుతారు. రెండూ కలిపితే మొదట తడి ఇసుకలా, తర్వాత వేలికి తీగలు సాగేలా, ఆ తర్వాత చేతికి అంటని చపాతీ ముద్దలా మారుతుంది. ఆ ముద్ద దశలోనే అచ్చులో నొక్కి, అచ్చును వేడినీళ్లలో దించుతారు. వాడుకలో ఉన్న ఒక పద్ధతిలో నీటిని 74 డిగ్రీల దగ్గర ఎనిమిది, తొమ్మిది గంటలు ఉంచుతారు. మరో పద్ధతిలో 74 దగ్గర రెండు గంటలు, ఆపైన 100 దగ్గర ఒక గంట. తొందరపడి మొదటే మరిగే నీళ్లలో వేస్తే పని చెడుతుంది. పెరాక్సైడ్ ఒక్కసారిగా విరిగి రాడికల్స్‌ను కుమ్మరిస్తుంది. గొలుసులు కట్టుకుంటున్నప్పుడు పుట్టే వేడి బయటి వేడికి తోడవుతుంది. మందంగా ఉన్న చోట లోపలి ద్రవం తన మరుగు స్థానం దాటి మరుగుతుంది. చిగురు లోపల బుడగలు మిగిలిపోతాయి, బయట నునుపు, లోపల స్పంజు. నమలగా నమలగా అక్కడే విరుగుతుంది.

వేడి పెరిగే కొద్దీ పని ఎంత త్వరపడుతుందో లెక్క ఉంది. పెరాక్సైడ్ లాంటి ప్రారంభకంతో నడిచే చర్యలో 60 డిగ్రీల నుంచి 70కి వెళ్తే వేగం రెండు రెట్ల పైన పెరుగుతుంది. గొలుసుల సగటు పొడవు మాత్రం సుమారుగా సగానికి పడిపోతుంది. ఎందుకంటే వేడికి గొలుసు పెరిగే వేగం కొద్దిగానే పెరుగుతుంది, పెరాక్సైడ్ విరిగే వేగం విపరీతంగా పెరుగుతుంది. ఒకేసారి ఎక్కువ రాడికల్స్ పుడితే అవి ఒకదానికొకటి ఎదురుపడి ముగిసిపోయే అవకాశమూ ఎక్కువే. తొందరగా పుట్టిన గొలుసు పొట్టిగా పుడుతుంది.

ఇక విప్పే సంగతి. గొలుసు కొసన ఉన్న రాడికల్ ఒక మోనోమర్‌ను కలుపుకోగలిగితే, చివర కలిసిన మోనోమర్‌ను వదిలేయనూ గలదు. రెండూ ఒకే చర్య, దిశలు ఎదురెదురు. కలిసినప్పుడు వేడి బయటికి వస్తుంది, అది కలయిక వైపు మొగ్గు. అయితే ఇష్టం వచ్చినట్టు తిరిగే వేల అణువులు ఒక గొలుసులో కట్టుబడితే వాటి చలన స్వేచ్ఛ తగ్గుతుంది, అది విడిపోవడం వైపు మొగ్గు. ఉష్ణోగ్రత పెరిగే కొద్దీ రెండో మొగ్గు బలపడుతుంది. ఏదో ఒక ఉష్ణోగ్రత దగ్గర రెండూ సరితూగుతాయి. దానికి పైన ఎంతసేపు ఉడికించినా గొలుసు పెరగదు. దీన్నే సీలింగ్ టెంపరేచర్ అంటారు. 'పైకప్పు ఉష్ణోగ్రత' అనుకోవచ్చు. 1948లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ డెయిన్టన్, కెన్నెత్ ఐవిన్ దీని వెనుక ఉన్న ఉష్ణగతిక కారణాన్ని వివరించారు. శుద్ధ మోనోమర్ విషయంలో స్టైరీన్‌కు ఈ కప్పు 300 డిగ్రీల పైన ఉంది. మిథైల్ మెథాక్రిలేట్‌కు 200 దాటాక వస్తుంది. స్టైరీన్‌కు ఒక్క మిథైల్ గుంపు అదనంగా తగిలించిన ఆల్ఫా మిథైల్ స్టైరీన్‌కైతే సుమారు 60 డిగ్రీలే. గొలుసులో ఇరుగుపొరుగు మధ్య ఇరుకు ఎక్కువైతే కలయికలో దక్కే లాభం తక్కువ. అంతకంటే వేరే రహస్యం ఏమీ లేదు.

వసుబంధుడి వాదాన్ని ఇప్పుడు దగ్గరగా చూడవచ్చు. ఆయన రెండు మాటలు అన్నాడు. మొదటిది: నాశనం అంటే లేకపోవడం. లేకపోవడం ఒక పని కాదు, ఒక ఫలం కాదు, కాబట్టి దానికి కారణం వెతకడం వృథా. నిప్పు కట్టెను నాశనం చేసిందని లోకం అంటుంది. నిజానికి కనబడేది కట్టె కనబడకపోవడమే. గాలికి దీపం ఆరిందంటాం, చెయ్యి పెడితే గంట మోత ఆగిందంటాం. జ్వాల, మోత క్షణక్షణం వాటంతటవే ముగిసిపోతున్నాయి. గాలి, చెయ్యి తర్వాతి క్షణం పుట్టకుండా అడ్డుకున్నాయేమో కానీ, ఉన్నదాన్ని చంపలేదు. రెండో మాట ఇంకా పదునైనది. నిప్పు తగిలిన వస్తువులో రంగు కొద్దికొద్దిగా మారుతుంది. మొదటి రంగును పుట్టించింది నిప్పే. దాన్ని తీసేసి రెండో రంగు తెచ్చిందీ నిప్పే అంటే, ఏది పుట్టించిందో అదే, లేదా అచ్చం అలాంటిదే, చంపిందని ఒప్పుకోవాలి. ఇది తర్కానికి నిలవదు. కాబట్టి పుట్టిన ప్రతిదీ తన స్వభావం చేతనే, పుట్టిన వెంటనే పోతుంది. నిలిచి ఉన్నట్టు కనిపించేది ఒకదాని వెంట ఒకటి వచ్చే సదృశ క్షణాల ధార.

న్యాయ దర్శనం వాళ్లైన నైయాయికులకు ఇది లోకానుభవాన్ని తలకిందులు చేయడంగా తోచింది. వాళ్ల లెక్కలో నాశనం కూడా ఒక పదార్థమే, దాని పేరు ప్రధ్వంసాభావం. దానికి మొదలుంది, అంతం లేదు. మొదలున్నది గనక కారణమూ ఉంది: రోకటి దెబ్బ పడకముందు కుండ ఉంది, పడ్డాక లేదు. ఆ దెబ్బను కారణం కాదనడం మొండితనం. పదో శతాబ్దం ప్రాంతంలో ఉదయనుడు ఆత్మతత్త్వవివేకంలో క్షణభంగ వాదాన్ని ఈ వైపు నుంచే విస్తారంగా ఖండించాడు.

పాలిమర్ వసుబంధుడి రెండో మాటను నేరుగా కాదంటుంది. సీలింగ్ టెంపరేచర్ దగ్గర ఒక గొలుసు కొసన కూర్చున్న ఒకే రాడికల్, ఒకే వేడిలో, ఒక మోనోమర్‌ను కలుపుకుంటుంది, మరుక్షణం ఒకదాన్ని వదిలేస్తుంది. కట్టే కారణం, విప్పే కారణం వేరని చూపించడానికి అక్కడ రెండో వస్తువంటూ లేదు. అసంబద్ధమని ఆయన కొట్టిపారేసినది ప్రయోగశాలలో మామూలు సంగతి. దీనికి నైయాయికుడు సులువుగా జవాబు చెబుతాడు: ప్రధాన కారణం ఒకటే అయినా సహకారి కారణాలు మారితే ఫలం మారుతుంది, మోనోమర్ గాఢత, ఒత్తిడి, ఉష్ణోగ్రత ఆ సహకారులు. రసాయన శాస్త్రజ్ఞుడికి ఈ భాష పరాయిగా అనిపించదు. గాఢత పెంచితే కప్పు పైకి జరుగుతుంది, పలచన చేస్తే కిందికి దిగుతుంది. సీలింగ్ టెంపరేచర్ ఒక పదార్థానికి నుదుట రాసిన అంకె కాదు, అది ఉన్న సందర్భానికి చెందిన అంకె.

అలాగని బౌద్ధ పక్షం ఓడిపోలేదు. సరిగ్గా ఆ కప్పు దగ్గర గొలుసు బయటి చూపుకు కదలక మెదలక ఉంటుంది, పొడవు పెరగదు, తరగదు. లోపల కొస దగ్గర మాత్రం కలవడం, ఊడటం ఆగకుండా సాగుతుంటాయి. అక్కడి స్థితి నిజంగానే దీపజ్వాల లాంటిది. వస్తున్నది, పోతున్నది సరిసమానం కావడమే నిలకడగా కనిపిస్తుంది.

చిక్కు ఎక్కడంటే, మనిషి వాడే పాలిమర్లు ఈ స్థితిలో ఉండవు. వాటి కొసలు ఏనాడో మూసుకుపోయాయి. రాడికల్ లేని గొలుసును రసాయన పరిభాషలో 'మృత గొలుసు' అంటారు. విచిత్రంగా, నిలిచేది అదే. బతికి ఉన్న కొసకే పెరగడం, తరగడం రెండూ. కొస చచ్చాక పెరగదు, తరగదు. ఆక్రిలిక్‌ను దాని సీలింగ్ టెంపరేచర్ దాటించినా వెంటనే ఊడిపోకుండా కొంతసేపు నిలవడానికి కారణం ఇదే. ఉష్ణగతికం 'విడిపో' అంటుంది, విడిపోవడం మొదలుపెట్టే కొస మాత్రం అక్కడ ఉండదు. ఈ మృత గొలుసుకు దీపజ్వాల పోలిక అతకదు. దాని కార్బన్-కార్బన్ బంధాలు క్షణానికోసారి కొత్తగా పుడుతున్నాయని చెప్పడానికి రసాయనంలో ఆధారమేమీ లేదు. ఇక్కడ కుండ పోలికే నయం.

కుండ గురించి న్యాయ, వైశేషికాలు తమలో తాము చేసుకున్న తగాదా ఇంకా ఆసక్తికరం. పచ్చి కుండ ఆవంలో కాలి ఎర్రబడుతుంది. ఆ కొత్త రంగు దేనిలో పుట్టింది? వైశేషికుల మాట ప్రకారం నిప్పు తాకిడికి కుండ పరమాణువుల దాకా విడిపోతుంది. పాత రంగు పోయి కొత్త రంగు వచ్చేది పరమాణువుల్లోనే, ఆ తర్వాత అవే పరమాణువులు మళ్లీ జతలు కట్టి ఎర్ర కుండ అవుతాయి. పీలువు అంటే పరమాణువు, అందుకే దీనికి పీలుపాకవాదం అని పేరు. ఈ విరగడం, కలవడం ఎన్ని క్షణాల్లో పూర్తవుతుందన్న దాని మీద తొమ్మిదని, పదని, పదకొండని శాఖోపశాఖలుగా లెక్కలు వేశారు. చదివితే నవ్వు రావచ్చు. ఒక చర్యను అంచెలుగా విడగొట్టి, ఏ అంచె తర్వాత ఏది రాగలదో చూడటమే అయితే, ఇవాళ్టి చర్యాగతిక శాస్త్రం చేసే పనీ అదే. కాకపోతే కొలవడానికి వాళ్ల దగ్గర పరికరం లేదు.

నైయాయికులది పిఠరపాకవాదం. పిఠరం అంటే కుండ. కుండ మొత్తంగా, విడిపోకుండానే కాలుతుంది. సన్నటి రంధ్రాల గుండా వేడి లోపలికి దిగి రంగు మారుస్తుంది. వాళ్లు చూపిన సాక్ష్యం కుమ్మరి వాకిట్లోదే. ఆవంలో కుండ మీద కుండ పేర్చి ఉంటుంది. కింది కుండ పరమాణువులైపోతే పైది కూలాలి కదా? కూలలేదు. పెట్టినన్ని కుండలే, పెట్టిన తీరులోనే బయటికొచ్చాయి. కుండ మీద గీసిన గీత కూడా అలాగే ఉంది. చూసినవాడు 'ఇది అదే కుండ' అని గుర్తుపడతాడు. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడు. తన పుస్తకానికి తానే రాసుకున్న దీపికలో ఈ రెండు వాదాలనూ క్లుప్తంగా పక్కపక్కన పెట్టాడు. భూమి పదార్థంలోని రూప, రస, గంధ, స్పర్శలు పాకజాలు (వేడి వల్ల పుట్టేవి), అనిత్యాలు అన్నది తర్కం మొదలుపెట్టే విద్యార్థులు ఈనాటికీ ఆ పుస్తకం నుంచే నేర్చుకుంటున్నారు.

వేడికి పాలిమర్ రెండు రకాలుగా లొంగుతుంది, ఒక్కో రకం ఒక్కో వాదానికి సరిపోతుంది. పాలిస్టైరీన్‌ను 100 డిగ్రీల దగ్గరికి, ఆక్రిలిక్‌ను 105 దగ్గరికి తెస్తే అవి మెత్తబడతాయి. ఒక్క బంధం కూడా తెగదు, గొలుసులు ఒకదాని పక్క నుంచి ఒకటి జారగలుగుతాయి, అంతే. చల్లబడితే మళ్లీ గట్టి. ఇది పిఠరపాకం. అదే ఆక్రిలిక్ 400 దగ్గర మోనోమర్లుగా విడిపోయి, ఆ మోనోమర్ మళ్లీ ఆక్రిలిక్ అయితే అది పీలుపాకం. వైశేషికులు కుండ విషయంలో పొరబడ్డారు కానీ, వాళ్లు ఊహించిన తరహా వస్తువు లోకంలో ఉంది.

వేడిచేసినప్పుడు గొలుసు ఎక్కడ తెగుతుంది అన్నది ఈ వ్యాసానికి కీలకమైన సంగతి. రాడికల్ పద్ధతిలో తయారైన ఆక్రిలిక్‌ను నైట్రోజన్‌లో నెమ్మదిగా వేడిచేస్తూ బరువు చూస్తే, బరువు ఒకేసారి పడిపోదు, మెట్లు మెట్లుగా తగ్గుతుంది. 1986లో కషివాగీ బృందం ప్రచురించిన పరిశోధన ఈ మెట్లను విడదీసి చూపింది. సుమారు 165 డిగ్రీల దగ్గర తలకు తల అతుక్కున్న బంధాలు తెగుతాయి. 270 దగ్గర, కొసన జంట బంధం మిగిలిన గొలుసులు ఊడటం మొదలుపెడతాయి. ఈ రెండు లోపాలూ లేని గొలుసులు 360 దాకా ఆగి, అప్పుడు మధ్యలో ఎక్కడో ఒకచోట తెగుతాయి. తెగిన చోట రాడికల్ పుడుతుంది, చచ్చిన కొస బతుకుతుంది. ఉష్ణోగ్రత అప్పటికే సీలింగ్ టెంపరేచర్‌కు పైన ఉంటే, బతికిన కొస కలుపుకోదు, జిప్పు లాగినట్టు ఒక్కొక్క మోనోమర్‌నూ వదులుకుంటూ పోతుంది. రాడికల్ కాక అయాన్ పద్ధతిలో కట్టిన ఆక్రిలిక్‌లో మొదటి రెండు మెట్లు కనబడవు. ఆ లోపాలు దాని పుట్టుకలో లేవు.

వినాశం బయటిదా, లోపలిదా అన్న తగాదాకు ఇంతకంటే స్పష్టమైన దృష్టాంతం దొరకడం కష్టం. 270 డిగ్రీల వేడి అందరికీ ఒకటే. దానికి ఒక గొలుసు ఊడుతుంది, పక్క గొలుసు ఊడదు. తేడా వేడిలో లేదు, గొలుసు పుట్టినప్పుడు దాని కొస ఎలా ముగిసింది అన్నదానిలో ఉంది. నాశన బీజం పుట్టుకతోనే వచ్చిందన్న బౌద్ధుడి మాటకు ఇది దగ్గర. అయితే ఆ బలహీనమైన కొస గది వేడిలో ఏళ్ల తరబడి చెక్కుచెదరకుండా ఉంటుంది. వేడి రాకపోతే బీజం మొలకెత్తదు. ఈ మాట నైయాయికుడిది. నాశనం పుట్టిన మరుక్షణమే తనంతట తాను జరుగుతుందన్నంత దూరం మాత్రం ఏ దృష్టాంతమూ తీసుకుపోదు. వసుబంధుడి పదునంతా 'లేకపోవడానికి కారణం ఉండదు' అన్న మొదటి మాటలో ఉంది, అది తర్కం మీద నిలిచేది, పరీక్ష నాళిక మీద కాదు. అందుకే రసాయనం దాన్ని నిరూపించలేదు, కొట్టేయనూ లేదు. దృష్టాంతాల వాటా వరకు మాత్రం నైయాయికుడిదే పైచేయి.

పుట్టిన వేడి గుర్తులు మోసుకు తిరగడం ఆక్రిలిక్‌కే పరిమితం కాదు. 1933 మార్చిలో ఇంగ్లండులోని ఐసీఐ కంపెనీలో ఎరిక్ ఫాసెట్, రెజినాల్డ్ గిబ్సన్ ఇథిలీన్‌ను 170 డిగ్రీల వేడిలో, విపరీతమైన ఒత్తిడిలో బెంజాల్డిహైడ్‌తో కలపబోతే, అనుకున్నది జరగలేదు, పాత్రలో తెల్లటి మైనం లాంటిది మిగిలింది. అది పాలిథీన్. రాడికల్స్‌ను పుట్టించింది పొరబాటున చేరిన లవలేశం ఆక్సిజన్ అని తర్వాత తేలింది. ఈ పద్ధతిలో పెరుగుతున్న కొస అప్పుడప్పుడు వెనక్కి వంగి తన ఒంటినే కొరుకుతుంది. నాలుగైదు కార్బన్ల అవతల ఉన్న హైడ్రోజన్‌ను లాక్కుని అక్కడి నుంచి కొత్తగా పెరుగుతుంది. అలా గొలుసుకు కొమ్మలు వస్తాయి. వేడి ఎంత ఎక్కువైతే కొమ్మలు అంత ఎక్కువ. కొమ్మ మొలిచిన కార్బన్ మీద మిగిలిన హైడ్రోజన్ తేలిగ్గా ఊడుతుంది. ఏళ్ల తర్వాత గాలి వచ్చి పట్టుకునే చోట్లలో అదొకటి.

పీవీసీ సంగతి ఇంకా తేట. దాన్ని 50-70 డిగ్రీల మధ్య తయారుచేస్తారు. గొలుసు పొడవును అక్కడ దాదాపుగా ఉష్ణోగ్రతే నిర్ణయిస్తుంది. గొట్టాలకు పొడవు గొలుసులు కావాలంటే చల్లగా నడపాలి. పుట్టేటప్పుడు ఒకటీ అరా చోట క్లోరిన్ బలహీనమైన స్థానంలో పడుతుంది. గొట్టంగా మలచడానికి 170-200 డిగ్రీల వేడి తప్పదు, ఆ వేడికి ఆ క్లోరిన్ పక్కనున్న హైడ్రోజన్‌ను తీసుకుని హైడ్రోజన్ క్లోరైడ్‌గా లేచిపోతుంది. అది పోయిన చోట జంట బంధం ఏర్పడుతుంది, జంట బంధం పక్క క్లోరిన్‌ను బలహీనపరుస్తుంది, అదీ పోతుంది. బయటపడ్డ ఆమ్లం మరింత తోస్తుంది. జంట బంధాల వరస పెరిగే కొద్దీ తెల్లని ప్లాస్టిక్ పసుపు, నారింజ, గోధుమ రంగుల మీదుగా నలుపుకు తిరుగుతుంది. పాకజ రూపం గురించి రాసినవాళ్లు ఈ రంగుల వరసను చూసి ఉంటే వదిలిపెట్టేవారు కాదు.

ఇంతవరకు చెప్పింది గాలి లేని చోట జరిగే కథ. గాలిలో పరిస్థితి వేరు. మేడ మీద వదిలేసిన ప్లాస్టిక్ కుర్చీని నాలుగు వేసవులు దాటాక చేత్తో తుడిస్తే అరచేతికి తెల్లటి పొడి అంటుతుంది. కాలు మీద గోరుతో గీస్తే సన్నటి పగుళ్లు కనబడతాయి. ఓ రోజు కూర్చోగానే విరుగుతుంది. అది పాలిప్రొపిలీన్, దాన్ని విరిచిందీ రాడికల్ గొలుసు చర్యే. ఎండ ఎక్కడో ఒక రాడికల్‌ను పుట్టిస్తుంది. ఆక్సిజన్ దానితో కలుస్తుంది, ఆ కలిసినది పక్క గొలుసు నుంచి హైడ్రోజన్‌ను లాక్కుని హైడ్రోపెరాక్సైడ్ అవుతుంది, లాక్కున్న చోట కొత్త రాడికల్. హైడ్రోపెరాక్సైడ్ విరిగితే ఒకటికి రెండు రాడికల్స్. ప్రారంభం, పెరుగుదల, ముగింపు - ప్లాస్టిక్‌ను కట్టినప్పటి మూడంచెలే విరగ్గొట్టేటప్పుడూ కనిపిస్తాయి.

ఇక్కడ 'స్థిరం' అన్న మాటకు రెండు అర్థాలున్నాయని గమనించాలి. కొండ పాదాన ఉన్న రాయి స్థిరం. కొండ మీద గుంటలో ఇరుక్కున్న రాయీ స్థిరమే, కాకపోతే అది ఇంకా దొర్లలేదు. ఆక్సిజన్ ఉన్న లోకంలో దాదాపు ప్రతి కర్బన పాలిమర్ రెండో రకం. బొగ్గుపులుసు వాయువుగా, నీటిగా మారిపోవడమే దాని మొగ్గు. ఆ దారిలో అడ్డున్న గట్టు ఎత్తు వల్ల ఆగింది. వేడి గట్టును తగ్గించదు, దాన్ని దాటగల అణువుల సంఖ్యను పెంచుతుంది. ఈ అర్థంలో స్థితి అంటే వాయిదా. ప్లాస్టిక్ చెత్త వందల ఏళ్లు పోదన్న ఫిర్యాదు, ప్లాస్టిక్ కుర్చీ నాలుగేళ్లు నిలవలేదన్న ఫిర్యాదు రెండూ ఈ వాయిదా గురించినవే. ఒకదానికి అది మరీ ఎక్కువ, రెండోదానికి మరీ తక్కువ. పొడి పొడిగా విరిగినా గొలుసు తునకలు తునకలుగానే మిగులుతాయి కాబట్టి, కుర్చీ పోయినంత మాత్రాన ప్లాస్టిక్ పోయినట్టు కాదు.

వాయిదాను పొడిగించడానికి స్టెబిలైజర్లు కలుపుతారు. పీవీసీకి సీసం లవణాలు, కాల్షియం-జింకు, తగరం సమ్మేళనాలు. పాలిప్రొపిలీన్‌కు, పాలిథీన్‌కు ఫినాల్ జాతి యాంటీఆక్సిడెంట్లు. ఫినాల్ తన హైడ్రోజన్‌ను ఇచ్చి తిరుగుతున్న రాడికల్‌ను చల్లబరుస్తుంది, ఆ ఇవ్వడంలో తాను ఖర్చైపోతుంది. అది త్వరగా ఖర్చు కాకుండా ఫాస్ఫైట్ అనే మరో పదార్థాన్ని తోడు వేస్తారు. ఫాస్ఫైట్ హైడ్రోపెరాక్సైడ్లను పట్టి విరుస్తూ తానూ ఖర్చవుతుంది. నాగార్జునకొండ పేరుతో తెలుగువాళ్లకు పరిచయమైన ఆచార్య నాగార్జునుడు మూలమధ్యమకకారికల్లో ఉత్పాద, స్థితి, భంగాలను పరీక్షిస్తూ ఒక చిక్కు ప్రశ్న వేశాడు: వస్తువును నిలిపేది స్థితి అయితే, ఆ స్థితిని నిలిపేది ఏది? మరో స్థితి అంటే దానికి ఇంకొకటి కావాలి. తనను తానే నిలుపుకుంటుందంటే వస్తువే ఆ పని చేసుకోవచ్చు కదా. ఆయన దీన్నుంచి స్థితికి స్వభావం లేదని తేల్చాడు. ప్లాస్టిక్ కర్మాగారం అంత దూరం పోదు. స్థితిని నిలిపే స్థితికి ఇంకో స్థితిని తోడు చేసి, మూడో మెట్టు దగ్గర ఖర్చు చూసుకుని ఆగిపోతుంది. అనంతంగా సాగే వరస తర్కంలో దోషం, వాడుకలో పదేళ్ల గ్యారంటీ.

చివరగా గుర్తింపు సంగతి. పాత ఆక్రిలిక్ తునకలను వేడితో విప్పి, వచ్చిన మోనోమర్‌ను శుద్ధిచేసి మళ్లీ పలకలు పోయడం పరిశ్రమలో ఉన్న పనే. జాగ్రత్తగా చేస్తే పదార్థంలో పదింట తొమ్మిది వంతుల పైన మోనోమర్‌గా తిరిగి వస్తుంది. అన్ని ప్లాస్టిక్‌లకూ ఈ యోగం లేదు. పాలిథీన్‌ను కాలిస్తే గొలుసు ఎక్కడపడితే అక్కడ తెగి రకరకాల పొడవుల ముక్కలిస్తుంది, పీవీసీ మోనోమర్‌గా తిరిగి రానే రాదు. ఆక్రిలిక్ కొత్త పలక పాత పలకేనా? నైయాయికుడి పరీక్ష పెడితే కాదు: గీసిన గీత మిగల్లేదు, పేర్చిన వరస మిగల్లేదు, 'ఇది అదే' అని గుర్తుపట్టేవాడు ఉండడు. వైశేషికుడు పరమాణువులు అవే అంటాడు, కానీ అవయవి, అంటే వాటితో ఏర్పడ్డ మొత్తం, కొత్తదని అతడూ ఒప్పుకుంటాడు. బౌద్ధుడు ధార తెగలేదంటాడు. మోనోమర్ దశ ఆ ధారలో ఒక క్షణం. ఈ మూడింటిలో రసాయనం ఒక్క విషయం మాత్రం నిక్కచ్చిగా చేరుస్తుంది. 165 దగ్గర, 270 దగ్గర తెగిన పాత లోపాలు మోనోమర్‌లోకి రావు. గొలుసు చరిత్ర అక్కడితో చెరిగిపోతుంది. కొత్త పలకకు రాబోయే లోపాలు కొత్త అచ్చులో, కొత్త వేడిలో, రెండు కొసలు ఎదురుపడే తీరులో మళ్లీ మొదటి నుంచి పుడతాయి.